నష్టపరిహార (డబ్ల్యూసీ) కేసుల భారం, జాప్యం లెక్క తేల్చాలని కోరుతూ వినతిపత్రం

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర కార్మిక శాఖ మంత్రి గారికి, కార్మిక కమిషనర్ గారికి

విషయం: ఉద్యోగుల నష్టపరిహార చట్టం కింద కమిషనర్లుగా కూర్చుంటున్న అధికారుల కేసుల భారాన్ని, కేసు తేలడానికి పడుతున్న కాలాన్ని సక్రమంగా కొలిచి ప్రజల ముందు పెట్టడం గురించి.

అయ్యా,

లారీ క్లీనర్లు, హమాలీలు, తాపీ మేస్త్రీలు, సెంట్రింగ్ పనివాళ్లు, బోరు బండ్ల మీద తిరిగేవాళ్లు, కరెంటు స్తంభాలెక్కే కాంట్రాక్టు కార్మికులు. ఈఎస్ఐ కార్డు లేని వీళ్లకు పనిలో చెయ్యి పోయినా, ప్రాణం పోయినా దిక్కు 1923 నాటి నష్టపరిహార చట్టం, ఇప్పుడు దాన్ని కలుపుకున్న సామాజిక భద్రత కోడే. అందులో జడ్జి స్థానంలో కూర్చునేది మీ శాఖ అధికారి. పాత చట్టం సెక్షన్ 19 ప్రకారం ఆయన తేల్చాల్సిన విషయంలో సివిల్ కోర్టు తలదూర్చడానికి వీల్లేదు. కాబట్టి ఆ గదిలో కేసు ఆగితే మేము తట్టడానికి మరో తలుపు లేదు.

2009లో పార్లమెంటు ఆ పాత చట్టాన్ని సవరించి సెక్షన్ 25ఎ చేర్చింది. కేసు తన ముందుకు వచ్చిన నాటి నుంచి మూడు నెలల్లో కమిషనర్ దాన్ని తేల్చాలి, ఆ గడువులోపే నిర్ణయాన్ని కార్మికుడికి తెలపాలి. 2010 జనవరి 18 నుంచి ఇది అమల్లోకి వచ్చింది. ఏ సర్కిల్‌లో ఎన్ని కేసులు ఆ గడువులో తేలాయి, ఎన్ని ఏడాది దాటాయి, ఎన్ని మూడేళ్లు దాటాయి అని చూపే పట్టిక మాత్రం మా కంట పడలేదు. గడువు పెట్టి, అది నిలుస్తున్నదో లేదో లెక్క చూడకపోతే ఆ సెక్షన్ కాగితం మీదే ఉండిపోతుంది.

పెద్ద ప్రమాదం జరిగినప్పుడు రాష్ట్రం కదులుతుంది. 2025 జూన్ 30న పాశమైలారంలో జరిగిన పేలుడు 40 మందికి పైగా కార్మికులను బలి తీసుకున్నప్పుడు అందరం చూశాం. కానీ మూడో అంతస్తు నుంచి జారిపడిన ఒక్క కూలీ కోసం, లోడు దింపుతుంటే బస్తాల కింద నలిగిన ఒక్క హమాలీ కోసం ఎవరూ రారు. ఆ ఇంటివాళ్లు ఎఫ్ఐఆర్, పంచనామా, పోస్టుమార్టం రిపోర్టు పట్టుకుని మీ అధికారి దగ్గరికే వస్తారు. రాష్ట్రంలో రోజూ జరిగే ప్రమాదాల న్యాయం ఆ బల్ల మీదే తేలాలి.

ఆలస్యమైనా వడ్డీ వస్తుంది కదా అని కొందరు అంటారు. ఆ వడ్డీ లెక్క ఒకసారి చూడండి. పాత చట్టం కింద 2020 జనవరి నుంచి లెక్కలోకి తీసుకున్న నెలవేతనం గరిష్ఠంగా 15,000 రూపాయలు. ముప్పై ఏళ్ల కార్మికుడు చనిపోతే అందులో సగం, అంటే 7,500ను చట్టంలోని 207.98 అనే గుణకంతో హెచ్చవేస్తే 15,59,850 రూపాయలు వస్తుంది. ఆ చట్టం ఇచ్చిన వడ్డీ ఏడాదికి 12 శాతం, అంటే మన వాడుకలో రూపాయి వడ్డీ. భర్త పోయిన ఇంట్లో పిల్లల ఫీజుకు, దినకర్మలకు, కిరాయికి ఊళ్లో అప్పు పుట్టేది మూడు రూపాయలకో ఐదు రూపాయలకో. పరిహారం చేతికందేసరికి అందులో ఎంత అప్పులవాళ్లకు పోతుందో ఆ కుటుంబాలకే తెలుసు. పరిహారం ప్రమాదం జరిగిన రోజు నుంచే బాకీ పడుతుందని ప్రతాప్ నారాయణ్ సింగ్ దేవ్ కేసులో 1976లోనే సుప్రీంకోర్టు చెప్పింది, 2012లో సిబీ జార్జ్ కేసులో మళ్లీ చెప్పింది. అయినా ఆ బాకీ ఏళ్ల తరబడి ఎవరి దగ్గర ఎందుకు ఆగుతున్నదో కనిపించడం లేదు.

కేసు ఎక్కడ ఆగుతుందో మాకు తెలిసినంత వరకు చెబుతాం. దరఖాస్తు వేయగానే నంబరు పడదు. ఏదో కాగితం తక్కువైందని తిరిగి వస్తుంది. నంబరు పడ్డాక నోటీసు యజమానికి అందదు, అతను ఇల్లు మారి ఉంటాడు. బీమా కంపెనీ కౌంటరుకు పేషీ మీద పేషీ అడుగుతుంది. గాయాల కేసుల్లో సంపాదించే శక్తి ఎంత తగ్గిందో అర్హుడైన డాక్టరు చెప్పాలి, ఆ డాక్టరు సాక్ష్యానికి రాడు. వచ్చిన రోజున అధికారి పరిశ్రమల వివాదంలో రాజీ చర్చలకు వెళ్లి ఉంటారు. ఇది ఆయన తప్పని మేము అనడం లేదు. ఆయన చేతిలోనే గ్రాట్యుటీ, కనీస వేతనాల క్లెయిములు, దుకాణాల చట్టం కేసులు, కాంట్రాక్టు లైసెన్సులు, భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డు పనులు ఉంటాయి. పక్క సర్కిల్ ఇన్‌చార్జి బాధ్యత కూడా నెత్తిన పడితే వారంలో ఏ రోజున సాక్ష్యం రాసుకోవాలి? వాదనలు పూర్తయి ఆర్డరు రిజర్వ్ అయ్యాక బదిలీ వస్తే కొత్త అధికారి ముందు మళ్లీ మొదటి నుంచి వినిపించాలి. ఆర్డరు వచ్చాక కూడా డబ్బు జమ కావాలి, చెక్కు చేతికి రావాలి. యజమాని కట్టకపోతే సెక్షన్ 31 కింద భూమిశిస్తు బకాయిలా వసూలు చేయాలి, ఆ ఫైలు రెవెన్యూ కార్యాలయంలో పడుకుంటుంది.

ఇన్ని మెట్లున్న ప్రయాణాన్ని ‘ఈ నెల పరిష్కారమైనవి ఇన్ని’ అనే ఒక్క అంకెతో కొలవొద్దని మా మొదటి విన్నపం. ఆ అంకెలో ఇద్దరూ ఒప్పుకొని డబ్బు కట్టేసిన కేసూ ఒకటే, నలుగురు సాక్షులను విచారించిన కేసూ ఒకటే. ఇంకా బాధాకరం, పేషీకి కార్మికుడు రాలేదని కొట్టేసిన కేసు కూడా ‘పరిష్కారం’ కిందే చేరుతుంది. బలంగిర్ నుంచో గయ నుంచో వచ్చి ఇక్కడ కాలు పోగొట్టుకుని ఊరెళ్లిన మనిషి పేషీకి రాలేకపోవడం న్యాయం పూర్తికావడం కాదు. ఈ అంకెతోనే అధికారులను అంచనా వేస్తే తేలిక కేసులు ముందుకు వస్తాయి, కష్టమైనవి వెనక్కి పోతాయి, రాని కార్మికుడి కేసు త్వరగా మూతపడుతుంది. గైర్హాజరుతో కొట్టేసినవి, రాజీ అయినవి, విచారించి తీర్పు ఇచ్చినవి వేర్వేరు గళ్లలో చూపాలి. పునరుద్ధరించిన కేసుకు మొదటి తేదీనే లెక్కలోకి తీసుకోవాలి, కొత్త తేదీ ఇవ్వకూడదు.

రెండోది తేదీల గురించి. ప్రతి కేసుకు ప్రమాదం, దరఖాస్తు, నంబరు, నోటీసు అందినది, కౌంటరు, సాక్ష్యం ముగిసినది, వాదనలు ముగిసినది, ఆర్డరు, డబ్బు జమ, డబ్బు కార్మికుడి ఖాతాలో పడినది, ఇన్ని తేదీలూ నమోదు కావాలి. గడియారం దరఖాస్తు ఇచ్చిన రోజున మొదలై డబ్బు అందిన రోజున ఆగాలి. వాయిదా ఎవరు అడిగారో, ఎందుకు అడిగారో ఆ పూటే రాయాలి. అప్పుడు ఆలస్యం అధికారిదా, బీమా కంపెనీదా, డాక్టరుదా, మా తరఫు వకీలుదా అన్నది ఎవరూ వాదించాల్సిన పని ఉండదు. మా వైపు తప్పుంటే అదీ బయటపడనివ్వండి. సగటు ఒక్కటే చెప్పకుండా సగం కేసులు ఎన్ని నెలల్లో తేలాయో, అన్నిటికన్నా పాత పది కేసులు ఏ దశలో ఉన్నాయో చెప్పాలి. తేలికగా తేలిన వంద కేసుల సగటు వెనక ఏడేళ్ల కేసు దాక్కుంటుంది.

మూడోది కేసుల బరువు. ఏ రకం కేసుకు ఎంత సమయం పడుతుందో కొంతకాలం సర్కిళ్లలో కొలిచి బరువు నిర్ణయించాలి. మన కింది కోర్టుల జడ్జీల పనికి యూనిట్ల పద్ధతి ఎప్పటి నుంచో ఉంది. న్యాయవ్యవస్థకు ఎంతమంది జడ్జీలు కావాలో ఎలా లెక్కించాలన్న ప్రశ్న మీద లా కమిషన్ 2014లో 245వ నివేదిక ఇచ్చింది, ఇంతియాజ్ అహ్మద్ కేసులో సుప్రీంకోర్టు కూడా దీన్ని పరిశీలించింది. కమిషనర్ల విషయంలో అలాంటి కసరత్తు జరగాలి. ఒక అధికారి రాజీ చర్చలకు, లైసెన్సులకు వెచ్చించే సమయాన్ని తీసేశాక మిగిలేది ఎంత, దానిలో ఎన్ని కేసులు పడతాయి అని తేల్చి, మించిన చోట పరిహారం కేసుల కోసమే అధికారులను నియమించాలి. చట్టం కూడా అందుకు దారి ఇచ్చింది: అయిదేళ్ల అనుభవమున్న న్యాయాధికారులను, వకీళ్లను కమిషనర్లుగా నియమించే వీలు 2009 సవరణలోనే ఉంది.

ఆర్డరు గడువు గురించి ఒక మాట. అమెరికాలోని కాలిఫోర్నియాలో కార్మికుల పరిహారం కేసులు వినే జడ్జి తీర్పుకు వదిలిన కేసును 90 రోజులు దాటినా తేల్చకపోతే, అది తేలేదాకా జీతం తీసుకోకూడదని కార్మిక చట్టంలో రాసుకున్నారు. మేము మీ అధికారుల జీతం ఆపమని కోరడం లేదు. సిబ్బంది ఇవ్వకుండా శిక్ష వేస్తే ఆర్డర్లు తొందరలో రాస్తారు, అవి హైకోర్టులో నిలవవు, నష్టం మళ్లీ మాకే. వాదనలు ముగిశాక 30 రోజుల్లో ఆర్డరు రావాలని, దాటితే కారణం ఫైలులో రాసి కార్మిక కమిషనర్‌కు పంపాలని ఉత్తర్వు ఇస్తే చాలు. ఆర్డరు రిజర్వ్ అయి ఉండగా బదిలీ అయిన అధికారి ఆ ఆర్డర్లు రాసిచ్చాకే చార్జి అప్పగించాలి.

దాఖలైన కేసులనే లెక్కిస్తే దాఖలు కానివి మరుగున పడతాయి. ప్రాణనష్టం జరిగిన ఏడు రోజుల్లో యజమాని తెలియజేయాలని పాత చట్టంలోని సెక్షన్ 10బి, కార్మికుడు చనిపోయాడని తెలిస్తే కమిషనరే యజమానిని వివరణ అడగవచ్చని సెక్షన్ 10ఎ చెప్పాయి. ఏటా ఎన్ని నోటీసులు వెళ్లాయి, ఎన్నిటిలో డబ్బు జమైందన్నది కూడా పట్టికలో ఉండాలి. పేపర్లో వార్త వచ్చిన ప్రతి ప్రమాదానికి నోటీసు వెళ్తే చాలామందికి వకీలు ఫీజు భారమే తప్పుతుంది.

కోర్టుల పెండింగు కేసులను వయసుల వారీగా ఎవరైనా చూసుకునేలా నేషనల్ జ్యుడీషియల్ డేటా గ్రిడ్ పెట్టారు. అలాగే శాఖ వెబ్‌సైటులో సర్కిల్ వారీగా ఈ పట్టికలు మూడు నెలలకోసారి తెలుగులో, ఉర్దూలో ఉంచండి. పేషీ తేదీ కార్మికుడి ఫోనుకు అతను చదవగలిగే భాషలో పంపండి. హిందీ, ఒడియా చదివేవాళ్లు మాలో చాలామంది. వెబ్‌సైటు పట్టికల్లో కార్మికుల పేర్లు, గాయాల వివరాలు పెట్టవద్దు.

సామాజిక భద్రత కోడ్ 2020 పాత చట్టాన్ని తనలో కలుపుకుంది. కమిషనర్ ఉన్న చోట సమర్థాధికారి అనే మాట వచ్చింది. పేరు ఏదైనా ఆ బల్లకు ఇటువైపు నిలబడేది మేమే. రాష్ట్ర నియమాల్లో మూడు నెలల గడువును స్పష్టంగా రాయాలి, పైన కోరిన లెక్కలను అందులో భాగం చేయాలి. పాత చట్టం కింద పెండింగులో ఉన్న కేసులను కొత్త రిజిస్టరులోకి మార్చేటప్పుడు వాటి అసలు దరఖాస్తు తేదీ చెరిగిపోకుండా చూడాలి. ముందుగా ప్రతి సర్కిల్‌లో మూడేళ్లు దాటిన కేసుల జాబితా తీయించి, ఏ కేసు ఏ మెట్టు దగ్గర ఆగిందో రాసి మాకు ఇప్పించాలని, ఆ జాబితా మీద మా ప్రతినిధులను పిలిచి మాట్లాడాలని కోరుతున్నాం.

ఇట్లు,
భవన నిర్మాణ, రవాణా, హమాలీ కార్మికులు,
పనిలో ప్రాణాలు కోల్పోయిన కార్మికుల కుటుంబ సభ్యులు