చర్మపు మంట, సెలీనియం బిళ్ళ

గత మాసం ఒకనాడు అసర్ నమాజు తరువాత ఒక తండ్రి తన ఎనిమిదేళ్ళ కుమారుణ్ణి వెంటబెట్టుకొని నా వద్దకు వచ్చాడు. మైపాడు వైపు రొయ్యల గుంటల మీద పనిచేసే మనిషి. బాలుని మోచేతుల మడతలు, మోకాళ్ళ వెనుక భాగాలు ఎర్రగా కమిలిపోయి, గోకిన చోటల్లా రక్తపు చారలు కనిపిస్తున్నాయి.

“హజ్రత్, డాక్టరు గారిచ్చిన పూతమందు మాన్పించాను. ఈ సెలీనియం బిళ్ళలు లోపలి నుండే నయం చేస్తాయట. దుఆ చేయండి” అన్నాడు. డబ్బా అందుకొని చదివాను. ఒక్కొక్క బిళ్ళలో 200 మైక్రోగ్రాములని ఉన్నది.

దుఆ చేశాను. దుఆతో పాటు అతనికి చెప్పిన మాటలనే ఈ మాసం పాఠకులకు విన్నవిస్తున్నాను.

సెలీనియం ఒక మూలకం. 1817లో స్వీడన్ శాస్త్రవేత్త బెర్జీలియస్ దానిని కనుగొన్నాడు. అది మన శరీరానికి అతి స్వల్పంగా కావాలి, కాని తప్పక కావాలి. మంట, వాపు కలిగినప్పుడు పుట్టే హానికర పదార్థాలను అణచే కొన్ని ఎంజైములు అది లేనిదే తయారు కావు. కనుక అలెర్జీ వలన వచ్చే చర్మపు మంటను, అనగా ఎగ్జిమాను, అది తగ్గించగలదేమోనని వైద్యులు ఆశించారు. ఎలుకలపై జరిపిన కొన్ని ప్రయోగాలు ఆ ఆశను బలపరిచాయి కూడా.

అయితే మనుషుల విషయంలో ఆ ఆశ నెరవేరలేదు. 1989లో ప్రచురితమైన ఒక పరిశీలనలో ఎగ్జిమా గల 60 మంది పెద్దలను మూడు జట్లు చేశారు. 12 వారాల పాటు ఒక జట్టుకు సెలీనియం, మరొక జట్టుకు సెలీనియంతో పాటు విటమిన్ ఇ, మూడవ జట్టుకు మందు లేని బిళ్ళలు ఇచ్చారు. జట్ల మధ్య చెప్పుకోదగిన తేడా కనబడలేదు. ఎగ్జిమాకు ఇచ్చే పోషక పదార్థాల బిళ్ళలపై జరిగిన 11 పరిశీలనలను 2012లో కోక్రేన్ సంస్థ సమీక్షించి, వాటి వలన మేలు కలుగుతుందనడానికి నమ్మదగిన ఆధారం లేదని తేల్చింది.

ఇక మోతాదు సంగతి. అమెరికా వైద్య నిపుణులు 2000లో నిర్ణయించిన ప్రకారం 4 నుండి 8 ఏళ్ళ పిల్లలకు రోజుకు 30 మైక్రోగ్రాములు చాలు, 150 దాటరాదు. ఆ తండ్రి ఇస్తున్న ఒక్క బిళ్ళే ఆ హద్దును మించినది. మోతాదు మించిన సెలీనియం కొంతకాలానికి జుట్టును రాల్చుతుంది, గోళ్ళను పెళుసుబారుస్తుంది. 2008లో అమెరికాలో ఒక ద్రవ ఔషధంలో సెలీనియం పొరపాటున 200 రెట్లు కలిసిపోగా సుమారు 200 మంది విషప్రభావానికి గురయ్యారు. మరోవైపు, నేలలో సెలీనియం చాలా తక్కువగా ఉన్న చైనాలోని కెషాన్ ప్రాంతంలో పిల్లల గుండెలు దెబ్బతిన్నాయి. అక్కడ ఆ మందే వారిని కాపాడింది. లోటున్న చోట అది ఔషధం, లోటు లేని చోట భారం.

మన తీరవాసులకు ఆ లోటు సాధారణంగా ఉండదు. చాలా రకాల సముద్రపు చేపలలో వంద గ్రాములకు 30 నుండి 50 మైక్రోగ్రాముల సెలీనియం ఉంటుంది. గ్రుడ్లలోనూ ఉన్నది. అయితే చేప గాని, రొయ్య గాని తిన్న వెంటనే దద్దుర్లు లేచే బిడ్డ విషయం వేరు. అటువంటి బిడ్డను వైద్యునికి చూపాలి.

అతణ్ణి ఇలా అడిగాను: “భాయ్, నీటిని పరీక్ష చేయించకుండా గుంటలో మినరల్స్ గుమ్మరిస్తారా?”

“లేదు హజ్రత్. ఏది తక్కువో చూసే వేస్తాం. లేకుంటే డబ్బూ పోతుంది, పంటా పోతుంది.”

“మరి బిడ్డకు ఏది తక్కువో ఎవరు చూశారు?”

అతడు తల వంచుకున్నాడు.

దురదను చిన్న బాధగా ఎంచరాదు. హజ్రత్ జుబైర్, హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) చర్మపు దురదతో బాధపడినప్పుడు, పురుషులకు నిషిద్ధమైన పట్టువస్త్రం ధరించడానికి దైవప్రవక్త (స) వారికి అనుమతినిచ్చారని బుఖారీ, ముస్లిం గ్రంథాలు తెలుపుతున్నాయి. చర్మానికి ఊరటనిచ్చే దానిని వెదకడం ధర్మసమ్మతమే.

తల్లిదండ్రులు చేయవలసినది ఇది. మొదట అది ఎగ్జిమాయో, గజ్జియో వైద్యునిచేత నిర్ధారణ చేయించండి. గజ్జి అంటుకుంటుంది, ఎగ్జిమా అంటుకోదు. గోరువెచ్చని నీటితో కొద్దిసేపు స్నానం చేయించి, ఒళ్ళు తడి ఆరకముందే వైద్యుడు చెప్పిన తేమపూతను రాయండి. గోళ్ళు కత్తిరించండి, నూలుబట్టలు తొడగండి. పూత రాసుకుంటే వుజూ చెల్లదేమోనని కొందరు పిల్లలు మందు మానేస్తున్నారు. చర్మంలో ఇంకిపోయే పూత నీటిని అడ్డదు. వుజూ తరువాత మళ్ళీ రాసుకుంటే మరీ మంచిది. వైద్యుణ్ణి అడగకుండా పూతమందు మాన్పించకండి, దుకాణంలో అడిగి మరొకటి కొనకండి.

ఆ బాలుడు ఇప్పుడు మళ్ళీ పూతమందు వాడుతున్నాడు. దురద పూర్తిగా పోలేదు గాని, రాత్రులు నిద్రపోతున్నాడని తండ్రి చెప్పాడు. అల్లాహ్ మన పిల్లలందరికీ స్వస్థత ప్రసాదించుగాక! ఆమీన్.