నిరుద్యోగ భృతి భిక్ష కాదు, మన చందాకు దక్కవలసిన హక్కు

సోదర రైల్వే, తపాలా ఉద్యోగులారా!

పని పోయిన మరునాడు కార్మికుడు ఎవరి గుమ్మం ఎక్కాలి? ఇది తమ ప్రశ్న కాదని శాశ్వతోద్యోగులమైన మనలో పలువురు భావిస్తున్నారు. ఈ భావనే అసలు ప్రమాదమని మేము స్పష్టం చేయదలచాము.

ఇటీవల ఒక స్టేషనులో పారిశుద్ధ్య కంట్రాక్టు చేతులు మారింది. ఏడేండ్లుగా అదే ప్లాటుఫారం ఊడ్చిన ఒక సోదరిని కొత్త కంట్రాక్టరు పనిలోకి తీసుకోలేదు. ఆ ఏడేండ్లూ ఆమె జీతంలో నెలనెలా ఈ.ఎస్.ఐ. చందా కోత పడుతూనే ఉన్నది. భృతికి దరఖాస్తు పెట్టగా తిరస్కరించారు. కారణమేమి? పాత కంట్రాక్టరు కంప్యూటరులో ఆమె పేరుకెదురుగా "సర్వీసు వదలి వెళ్లినది" అని నమోదు చేశాడు. వెళ్లగొట్టినవాడే, ఆమె తనంతట తాను వెళ్లిందని వ్రాశాడు. ఆ వ్రాతయే ప్రమాణమైనది. ఆమెను అడిగినవారు లేరు. కాగితాలు చేతబట్టుకొని ఆమె మా యూనియన్ ఆఫీసుకు వచ్చిననాడు మేము తలదించుకున్నాము. ఏడేండ్లు ఆమె మన కళ్లయెదుటనే పనిచేసినది కదా!

నిరుద్యోగ కాలంలో పౌరునికి ప్రభుత్వ సహాయం అందాలని రాజ్యాంగం 41వ అధికరణంలో ఆదేశించింది. ఆ ఆదేశం ఎంతవరకు అమలైనదో చూడండి. 2005 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన రాజీవ్ గాంధీ శ్రామిక్ కళ్యాణ్ యోజన ఫ్యాక్టరీ మూతపడినవారికి, రిట్రెంచ్ అయినవారికి, శాశ్వత వైకల్యం పొందినవారికి పరిమితమైనది. 2018 జూలై 1 నుంచి ప్రయోగాత్మకంగా వచ్చిన అటల్ బీమిత్ వ్యక్తి కళ్యాణ్ యోజన మొదట సగటు దినవేతనంలో 25 శాతం మాత్రమే ఇచ్చింది. దానిని 50 శాతం చేయడానికి 2020లో కోవిడ్ మహమ్మారి రావలసివచ్చింది. దరఖాస్తు యజమాని చేతుల మీదుగా పోవాలన్న నిబంధన సడలినది కూడా అప్పుడే. అయినను భృతి 90 రోజులకే, అదీ జీవితంలో ఒక్కసారికే!

ఇక లెక్క చూడండి. నాలుగు చందా కాలాలలో, అనగా రెండేండ్లలో, వచ్చిన మొత్తం వేతనాన్ని 730తో భాగిస్తారు. నెలకు 15,000 రూపాయల మీద ఎడతెగకుండా పనిచేసినవానికి సగటు 493 రూపాయలు, భృతి రోజుకు 246 రూపాయలు, 90 రోజులకు సుమారు 22,000. అదే జీతం మీద కంట్రాక్టరు ఆ రెండేండ్లలో పన్నెండు నెలలే పని ఇస్తే? భాగించేది మాత్రం 730 రోజులతోనే. భృతి రోజుకు 123 రూపాయలకు పడిపోతుంది. పని ఇవ్వనిది యజమాని, శిక్ష కార్మికునికి! తపాలా శాఖలో గ్రామీణ డాక్ సేవకుని సెలవు కాలంలో బదులుగా సంచి మోసే మనిషికైతే ఈ.ఎస్.ఐ. నంబరే లేదు.

ఊరకే సొమ్మిస్తే సోమరులు తయారవుతారని కొందరు పెద్దలు సెలవిస్తున్నారు. ఇది ఊరక వచ్చిన సొమ్మా? 2019 జూలై నుంచి వేతనంలో కార్మికుని వాటా 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. ఆ నిధి శ్రమ నుంచి పుట్టినది. మూడు నెలల పాటు సగం కూలితో ఇల్లు గడుపుకొమ్మంటే సోమరి అయ్యేవాడెవడు?

మరొక నిబంధన మనకు నేరుగా తగులుతుంది. చట్టవిరుద్ధమని ప్రకటించిన సమ్మెలో ఉన్నవానికి ఈ భృతి లేదన్నారు. 1974 మే 8 నుంచి 27 వరకు సాగిన రైల్వే సమ్మెను నాటి ప్రభుత్వం చట్టవిరుద్ధమనే ప్రకటించింది. వేలాదిమందిని ఉద్యోగాల నుంచి తొలగించింది. వారిలో పలువురు 1977లో ప్రభుత్వం మారిన తరువాతనే తిరిగి విధులలో చేరగలిగారు. అంతకాలం ఆ కుటుంబాలకు ఏ భృతీ అందలేదు. ఆకలిని చూపి సమ్మెను విరుగగొట్టే ఆయుధం ఈ నిబంధనలో దాగి ఉన్నదని మనకంటె బాగా ఎరిగినవారెవరు?

కనుక మేము డిమాండు చేస్తున్నాము: పని పోయిన కారణాన్ని కార్మికుని వాంగ్మూలం లేకుండా నమోదు చేయరాదు. సగటు వేతనాన్ని పనిచేసిన దినాల మీదనే లెక్కించాలి. ఒక్కసారి మాత్రమేనన్న షరతును, సమ్మె షరతును తొలగించాలి. చందా చెల్లింపునకు మొదటి బాధ్యత ప్రధాన యజమానిదేనని 1948 చట్టమే సూత్రీకరించింది. ఆ ప్రకారం కంట్రాక్టు మారినప్పుడల్లా రైల్వే, తపాలా యాజమాన్యాలే తొలగింపు ధ్రువపత్రం ఇప్పించాలి.

డిమాండు చేసి ఊరుకుంటే చాలదు. ప్రతి బ్రాంచీ తన ఆవరణలోని కంట్రాక్టు కార్మికుల జాబితా తయారుచేయాలి. ఏప్రిల్–సెప్టెంబరు, అక్టోబరు–మార్చి చందా కాలాలు ముగియగానే ఒక్కొక్కరి చందా దినాలు సరిచూడాలి. పని పోవడానికి ముందరి చందా కాలంలో 78 రోజులు, మిగిలిన మూడింటిలో ఏదో ఒకదానిలో మరి 78 రోజులు లేనిదే దరఖాస్తు నిలువదు. ఈ లోటు పని పోయిన తరువాత బయటపడితే చేయగలిగినది అత్యల్పం. ముందే పట్టుకుంటే కంట్రాక్టరు చేత కట్టించవచ్చును. దరఖాస్తు నింపడానికి వారానికొక సాయంత్రం ఒక కామ్రేడు యూనియన్ ఆఫీసులో కూర్చోవాలి.

ఆ సోదరి దరఖాస్తుపై అప్పీలు వ్రాసి పంపించాము. ఫలితం ఏమైనప్పటికీ, మరొకరు ఒంటరిగా ఆ గుమ్మం ఎక్కకుండా చూచుట మన కర్తవ్యము.

కార్మికవర్గ ఐక్యత వర్ధిల్లాలి!