తిప్పి పంపేవారే యజమాని

హొళగుందలో సుగ్గికి పోకుండా ఇంటిపట్టున జాకెట్లకు మిషన్ ఎంబ్రాయిడరీ చేసే స్త్రీలను "మీకు పని ఇచ్చేదెవరు?" అని అడిగాను. "ఎవురూ లేరక్కా, ఖాళీగా ఉండలేక చేస్తాండాం" అన్నారు.

కానీ గుడ్డ, డిజైను ఆదోని నుంచి వస్తాయి. రేటు అక్కడే ఖాయమవుతుంది. పూరేకు వంకరపోతే జాకెట్టు తిరిగొస్తుంది. విప్పి మళ్లీ కుట్టిన పొద్దుకు కూలి లేదు. మిషను అప్పు, కరెంటు బిల్లు, నడుం నొప్పి, కంటి మంట ఆమెవే. ఇది ఖాళీ సమయపు పనా?

1973లో సిల్వర్ జూబిలీ టైలరింగ్ హౌస్ కేసులో సుప్రీంకోర్టు, పీస్ రేటు మీద కుట్టేవారు కూడా ఉద్యోగులేనని తీర్పు చెప్పింది. గుడ్డ ఇంటికి తీసుకుపోయినంత మాత్రాన ఆ సంబంధం తెగదంది. పని నచ్చకపోతే తిప్పి పంపి మళ్లీ కుట్టించగలగడం యజమాని అదుపుకు గుర్తు అంది. అక్కడ మిషన్లు దుకాణానివన్న సంగతినీ కోర్టు లెక్కలోకి తీసుకుంది. మన స్త్రీల మిషన్లు సొంతానివి. పెట్టుబడి భారం కూడా మోస్తున్నందుకు హక్కులు పోవడం ఎక్కడి న్యాయం?

ఇంటి నుంచి పనిచేసే వారిని మిగతా శ్రామికులతో సమానంగా చూడాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో 177వ ఒడంబడిక చేసింది. మన ప్రభుత్వం దాన్ని ఇంకా ఆమోదించలేదు.

ఆమోదించమని అడుగుదాం. ఈలోగా ప్రతి ఇంటా ఒక నోటు పుస్తకం పెట్టిద్దాం. ఎన్ని జాకెట్లు, ఎన్ని గంటలు, ఎంత కూలి, ఎవరు తిప్పి పంపారు, అన్నీ రాయిద్దాం. రేపు కూలి గురించి మాట్లాడటానికి కూర్చున్నప్పుడు, పని ఇచ్చేవారెవరో ఆ పుస్తకమే చెబుతుంది.