కొండ మీదికి సంగటి మోసిందెవరు?

మా హాస్టల్లో 'సైరా' వేసిన ప్రతిసారీ సినిమా అయిపోగానే ఒకటే గొడవ. మొదటి స్వాతంత్ర్య సమరయోధుడు 1857 మంగళ్ పాండేనా, 1846లోనే తిరగబడిన మన ఉయ్యాలవాడ నరసింహారెడ్డా? నాకైతే ఆ ప్రశ్నే తప్పు అనిపిస్తోంది.

1800లో నిజాం మన అనంతపురంతో పాటు చుట్టుపక్కల సీమనంతా కంపెనీకి దత్తం చేశాడు. కలెక్టర్‌గా వచ్చిన థామస్ మన్రో పాలెగాళ్ళ బలం తీసేశాడు. వాళ్ళ వారసులకు భత్యాలు మిగిలాయి. నరసింహారెడ్డికి వచ్చేది నెలకు 11 రూపాయల చిల్లర. అంటే ఆయన కోపం మొదట సొంత కోపమే. ఒప్పుకుందాం, అందులో చిన్నతనం ఏమీ లేదు.

కానీ ఒక్కడి భత్యం కోసం ఊళ్ళు కదలవు కదా! కదిలింది కట్టుబడులు. ఊరికి కాపలా కాసినందుకు వాళ్ళకు మాన్యం భూములుండేవి. కంపెనీ వాటి మీద చెయ్యేసింది. అందుకే 1846 జులైలో కోయిలకుంట్ల ఖజానా మీద పడినప్పుడు ఆయన వెనక జనం ఉన్నారు. వడ్డె ఓబన్న లాంటి వాళ్ళు పక్కనే నిలబడ్డారు. ఎర్రమల, నల్లమల కొండల్లో నెలల తరబడి దాక్కోవాలంటే కత్తి ఒక్కటే చాలదు. తిండి కావాలి, సిపాయిలు ఎటు వస్తున్నారో చెప్పే మనిషి కావాలి.

1944లో ఇటలీ కొండల్లోనూ ఇదే కథ. ఒస్సోలా లోయలో పార్టిజాన్లు నాజీ, ఫాసిస్టు సైన్యాల్ని తరిమేసి 40 రోజులు సొంత ప్రభుత్వం నడిపారు. అదే ఏడాది మార్జబొట్టో దగ్గర నాజీలు 700 మందికి పైగా మామూలు జనాన్ని చంపేశారు. చనిపోయిన వాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు, పిల్లలు, ముసలివాళ్ళు. కొండ మీద వాళ్ళు దొరక్కపోతే కింద ఊరి మీద పడతారు, అంతే.

ఇక్కడా నరసింహారెడ్డిని 1847 ఫిబ్రవరి 22న ఉరి తీసి, తలను కోట గుమ్మానికి 1877 దాకా వేలాడదీశారు. ఆ 30 ఏళ్ళూ అది ఎవర్ని భయపెట్టడానికి? చచ్చిపోయిన ఆయన్నైతే కాదు. ఆ దారిన పోయే ఊరివాళ్ళని.

"హీరో లేకపోతే తిరుగుబాటే లేదు కదరా" అన్నాడు మా రూమ్మేట్. నిజమే. కర్నూలు విమానాశ్రయానికి ఆయన పేరు పెట్టడమూ న్యాయమే. కానీ కరువు సీమలో ఉన్న నాలుగు గింజల్లోంచి ఒక ముద్ద కొండకు పంపడమంటే ఇంట్లో ఎవరో ఒకరు పస్తుండటమే. ఆ పస్తుని మనం లెక్కలోకే తీసుకోవట్లేదు.

ఈసారి యాన్యువల్ డేకి ఈ స్కిట్ వేస్తే నాకు కత్తి వేషం వద్దు. సంగటి మోసే వేషం ఇవ్వండి. దానికి డైలాగులు మాత్రం మనమే రాసుకోవాలి.