లావు అక్షరాలకూ ఊపిరాడాలి

మా డీటీపీ షాపుకు ఫ్లెక్సీ పని పట్టుకొచ్చేవాళ్లలో ఎక్కువమంది ముందు చెప్పే మాట: "అక్షరాలు లావుగా పెట్టు." ఆ కోరిక న్యాయమైనదే. సెంటర్‌లో బండి మీద పోయేవాడు తల తిప్పి చూసే ఆ కాసేపట్లో పేరు అందాలంటే సన్నటి అక్షరం చాలదు. అందుకే చాలా పనులకు నేను బాలూ తమ్ముడు వాడతాను. ముంబైకి చెందిన ఏక్ టైప్ వాళ్లు చేసిన బాలూ కుటుంబంలో తెలుగు ఫాంట్ అది. తమిళం, కన్నడం, బెంగాలీ లిపులకూ అందులో తోబుట్టువులున్నాయి. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతుంది.

దాని గుణం దగ్గరగా చూస్తే తెలుస్తుంది. గీత బాగా మందం, అంచులు మాత్రం మెత్తన. మన లిపి పుట్టుకతోనే గుండ్రం కాబట్టి ఆ ఒళ్లు దానికి చక్కగా నప్పింది. ఎంత లావైనా అక్షరాల కడుపులో ఖాళీ మిగిల్చారు. నా దృష్టిలో అసలు పనితనం అక్కడే ఉంది.

ఆ ఖాళీనే మనం పూడ్చేస్తున్నాం. బోల్డ్ చాలదన్నట్టు అదే రంగు అవుట్‌లైన్ చుట్టి ఇంకా ఉబ్బిస్తారు. ఆ గీత బయటికే కాదు, సున్నాల లోపలికీ పెరుగుతుంది. "పాఠశాల" బోర్డే చూడండి. ఠకీ రకీ తేడా లోపలి చుక్క ఒక్కటే. అది పూడిపోతే బడి పేరే తప్పుగా కనబడుతుంది. అక్షరాలు నేర్చుకునే పిల్లలు రోజూ దాని కిందనుంచే లోపలికి వెళ్తారు! కథలో థకీ ఇదే గతి. స్థలం చాలక పక్కల నుంచి నొక్కితే నిలువు గీతలు సన్నబడతాయి, అడ్డగీతలు మాత్రం అలాగే ఉంటాయి. గుండ్రం కాస్తా కోడిగుడ్డవుతుంది.

వరుసల మధ్య ఎడం సంగతి మరీ అన్యాయం. "రాష్ట్ర స్త్రీ శిశు సంక్షేమం" అని రాస్తే కింద ఒత్తులు వేలాడతాయి. కింది వరుస గుడులు, దీర్ఘాలు వాటిని పొడుస్తాయి. ఇంగ్లీషుకు సరిపోయే ఎడం తెలుగుకు చాలదు.

పథకం వివరాలు, అర్హతలు, గడువు తేదీ అన్నీ ఈ లావు అక్షరాల్లోనే కుక్కడం కూడా మానాలి. తర్వాత వచ్చిన బాలూ తమ్ముడు 2లో రెగ్యులర్ నుంచి ఎక్స్‌ట్రా బోల్డ్ దాకా 5 మందాలున్నాయి. శీర్షికకు లావుది, వివరాలకు రెగ్యులర్ పెడితే పెన్షన్ కోసం వచ్చిన పెద్దాయన ఎవరినీ అడక్కుండా చదువుకుంటాడు.

బోర్డులు వేయించే హెడ్‌మాస్టర్లకు, పంచాయతీ కార్యదర్శులకు నా విన్నపం: ప్రూఫ్‌ని మానిటర్ మీద పెద్దది చేసి చూసి ఒప్పేసుకోకండి. ఒక కాగితం మీద తీయించి గోడకు అంటించి, గది అవతలి నుంచి చూడండి. ఠలో చుక్క కనబడకపోతే ప్రింటు ఆపించండి.