పూలదండ నమ్మకమేనా?

2019 డిసెంబరు 6వ తేదీ ఉదయం షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లి వంతెన మీద జనం బారులు తీరి, కింద నిలబడ్డ పోలీసుల మీద పూలు చల్లారు. జిందాబాద్ కొట్టారు. బాణాసంచా కాల్చారు. బస్సుల్లో పోయే ఆడపిల్లలు కిటికీల్లోంచి చేతులూపి కేకలు వేశారు. తొమ్మిది రోజుల కిందట శంషాబాద్ టోల్‌గేటు దగ్గర ఒక యువ పశువైద్యురాలిని చెరిచి, చంపి, చటాన్‌పల్లికి తెచ్చి తగలబెట్టిన కేసులో పట్టుబడ్డ నలుగురినీ ఆ తెల్లవారుజామున పోలీసులు కాల్చి చంపారు. జనం ఆనందానికి కారణం అదీ.

ఆ పూలను చూసి, ప్రజలకు పోలీసుల మీద నమ్మకం మళ్ళీ కలిగిందని పత్రికల్లో రాశారు, టీవీల్లో చెప్పారు, మా స్టాఫ్‌రూములోనూ అన్నారు. విద్యార్థి మిత్రుల్లో చాలామంది యిప్పటికీ అదే మాట అంటారు. నేనలా అనుకోను. ఆ పూలు నమ్మకానికి కాదు, అపనమ్మకానికి గుర్తులని నా అభిప్రాయం. యెందుకో చెబుతాను. కోపం తెచ్చుకోకుండా చివరిదాకా చదవండి.

ముందు నవంబరు 27వ తేదీ రాత్రి సంగతి చూద్దాం. ఆడపిల్ల యింటికి రాలేదు, ఫోను పలకడం లేదు. ఇంట్లోవాళ్ళు స్టేషన్‌కి పరుగెత్తారు. అక్కడ జరిగిందేమిటి? యీ చోటు మా పరిధి కాదు, ఆ స్టేషన్‌కి పోండి అన్న మాట. పిల్ల యెవరితోనో వెళ్ళిపోయి వుంటుందన్న అనుమానం. విలువైన గంటలు అలా గడిచిపోయాయి. ఏ స్టేషన్‌లోనైనా కేసు నమోదు చేయవచ్చుననే జీరో ఎఫ్.ఐ.ఆర్. పద్ధతి అప్పటికే వుంది. తరవాత, కేసు రాయడంలో ఆలస్యం చేశారని ముగ్గురు పోలీసులను సస్పెండ్ చేశారు. అంటే యీ ఆలస్యం నేను కల్పించి చెబుతున్నది కాదు, పైఅధికారులే ఒప్పుకున్నది.

ఆ రాత్రి కలం కదలలేదు. తొమ్మిది రోజుల తరవాత తుపాకి కదిలింది. మనం రెండోదానికి చప్పట్లు కొట్టి మొదటిదాన్ని మరిచిపోయాం. పోలీసు శాఖకి యింతకంటె సుఖమైన యేర్పాటు యింకేం కావాలి?

ఆ కాల్పుల మీద సుప్రీంకోర్టు 2019 డిసెంబరులోనే జస్టిస్ సిర్పూర్కర్ అధ్యక్షతన కమిషన్ వేసింది. 2022 మేలో ఆ కమిషన్ నివేదిక బయటికి వచ్చింది. నిందితులు పిస్తోళ్ళు లాక్కుని తిరగబడ్డారన్న కథ నమ్మదగింది కాదనీ, చంపాలనే వుద్దేశంతోనే కాల్చారనీ కమిషన్ తేల్చింది. పదిమంది పోలీసులను హత్యానేరం కింద విచారించాలని సిఫార్సు చేసింది. చనిపోయిన నలుగురిలో ముగ్గురు పద్ధెనిమిదేళ్ళు నిండనివాళ్ళని కూడా అందులో వుంది. సుప్రీంకోర్టు ఆ వ్యవహారాన్ని తెలంగాణ హైకోర్టుకి పంపింది. నివేదిక వచ్చిననాడు పూలు చల్లినవాళ్ళెవరూ వీధిలోకి రాలేదు.

యిక్కడ నన్ను బాధించే విషయం యింకొకటి వుంది. ఆ నలుగురే ఆ ఘోరం చేశారా, యెవరి పాత్ర యెంత, ఆ అమ్మాయిని రక్షించడానికి అవకాశం యెక్కడ చేజారింది — ఇవన్నీ సాక్ష్యాలతో కోర్టులో తేలవలసిన సంగతులు. యిక అవి తేలవు. నేరం చేసినవాడిని శిక్షించడం ఒక యెత్తు, వాడే చేశాడని నలుగురి ముందు రుజువు కావడం ఒక యెత్తు. ఆ పిల్ల కుటుంబానికి రెండోది దక్కలేదు.

మరి జనం యెందుకు చప్పట్లు కొట్టారు? జనం మూర్ఖులు కారు. వాళ్ళ లెక్క వాళ్ళకి వుంది. కోర్టులో కేసు యేళ్ళ తరబడి నడుస్తుంది, సాక్షి మాట మారుస్తాడు, దర్యాప్తు లోపాలు చూపించి వకీలు నేరస్థుణ్ణి బయటికి తెస్తాడు. యిదీ వాళ్ళ భయం. కాని ఆ దర్యాప్తు చేసేది యెవరండీ? పోలీసులే కదా! సాక్షికి ధైర్యం చెప్పవలసిందీ వాళ్ళే, ఆధారాలు చెడిపోకుండా సేకరించవలసిందీ వాళ్ళే. కనుక చటాన్‌పల్లిలో చప్పట్ల అర్థం యిది: మీ అసలు పని మీకు చేతకాదని మాకు తెలుసు, కనుక యీ పనైనా చేసినందుకు సంతోషం. దీన్ని నమ్మకం అంటామా?

చట్టం కూడా పోలీసు మాటను పూర్తిగా నమ్మదు. దానికి మన ప్రాంతపు చరిత్రే కొంత కారణం. 1855లో మద్రాసు రాజధానిలో చిత్రహింసల మీద ఒక కమిషన్ కూర్చుంది. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు ఆ రాజధానిలోనివే. కొద్ది నెలల్లోనే దాదాపు రెండు వేల ఫిర్యాదులు వచ్చాయి. మనిషిని విల్లులా వంచి కట్టేసి యెండలో నిలబెట్టడం, వేళ్ళను రెండు కొయ్యల మధ్య పెట్టి నొక్కడం లాంటివన్నీ ఆ నివేదికలో వున్నాయి. శిస్తు వసూలు చేసే తహసీల్దారే పోలీసు అధికారి కూడా కావడంతో, శిస్తు రాబట్టడానికీ నేరం ఒప్పించడానికీ ఒకే మందు వాడేవారు. ఆ తరవాతే 1859లో మద్రాసు పోలీసు చట్టం, 1861లో దేశానికంతటికీ పోలీసు చట్టం వచ్చాయి. (నైజాంలో చట్టాలు వేరు. లాఠీ మాత్రం అదే.) పోలీసు అధికారి ముందు చేసిన నేరాంగీకారం సాక్ష్యంగా చెల్లదని 1872 సాక్ష్య చట్టం 25వ సెక్షన్లో రాశారు. 2024 జూలై నుంచి అమలులోకి వచ్చిన కొత్త సాక్ష్య చట్టంలోనూ, 23వ సెక్షన్‌గా, ఆ నియమం అలాగే నిలిచింది. తెల్లదొరలు పోయారు, చట్టం పేరు మారింది, సెక్షన్ నంబరు మారింది, ఆ అనుమానం మాత్రం మారలేదు.

దెబ్బకు దెయ్యమైనా జడుస్తుందని మనవాళ్ళంటారు. నిజమే, జడుస్తుంది. కాని జడిసిన దెయ్యం నిజం చెబుతుందని యెవరన్నారు? దెబ్బ ఆపితే చాలునని, చేయనిది కూడా చేశానంటుంది. 2023 జనవరిలో గొలుసు దొంగతనం అనుమానం మీద హైదరాబాదులో ఒక కూలీని పట్టుకుని మెదక్ స్టేషన్‌కి తీసుకుపోయారు. అతడు ఫిబ్రవరిలో గాంధీ ఆసుపత్రిలో చనిపోయాడు. పోలీసులు కొట్టారని చనిపోయేముందు తనే చెప్పాడు. హైకోర్టు తనంతట తానుగా కేసు తీసుకుంది. ఆ వూళ్ళో గొలుసు పోయిన ఆడమనిషికైనా దీనివల్ల వొరిగిందేమిటి?

పాత తరానికి 1978 మార్చి గుర్తుండే వుంటుంది. హైదరాబాదు నల్లకుంట స్టేషన్‌లో ఒక పేద స్త్రీ మీద పోలీసులు అత్యాచారం చేశారు. అడ్డం వచ్చిన భర్తను కొట్టారు, అతడు చనిపోయాడు. అతడు రిక్షా తొక్కుకుని బతికేవాడు. జనం ఆ శవాన్ని మోసుకొచ్చి స్టేషన్ ముందు పెట్టారు. స్టేషన్ తగలబడింది, నగరంలో కర్ఫ్యూ పెట్టారు. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులది తప్పేనని తేల్చింది. కేసు విచారణ కర్ణాటకలోని రాయచూరుకు బదిలీ అయింది, 1981లో నిందితులందరూ విడుదలయ్యారు. ఆ స్త్రీ శీలం గురించి మాత్రం కావలసినంత చర్చ జరిగింది.

1978లో నిప్పు, 2019లో పూలు. నలభై యేళ్ళలో పోలీసులు మారిపోయారని యెవరైనా అనుకుంటే, లాఠీ యెవరి వీపు మీద పడుతోందో కాస్త చూడమంటాను. నల్లకుంటలో రిక్షా తొక్కేవాడు, చటాన్‌పల్లిలో లారీ పనివాళ్ళు, మెదక్‌లో కూలీ. మోటారు కారులో వచ్చినవాడి వేళ్ళు యే స్టేషన్‌లోనైనా విరిగాయా? అక్కడ కుర్చీ వేస్తారు, టీ తెప్పిస్తారు.

విద్యార్థులకు యీ చరిత్రలో రెండు పేజీలు వున్నాయి. 1975 జూలైలో, ఎమర్జెన్సీ రోజుల్లో, మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో నలుగురు యువకులను కాల్చి చంపారు. వారిలో వరంగల్ రీజనల్ ఇంజనీరింగ్ కాలేజీ విద్యార్థి వున్నాడు. ఎదురుకాల్పులని ప్రకటన. అది బూటకమని 1977లో తార్కుండే కమిటీ చెప్పింది. రెండో పేజీ అదే వరంగల్లుది. 2008 డిసెంబరులో ఇంజనీరింగ్ చదివే యిద్దరు అమ్మాయిల మీద యాసిడ్ పోశారు. మూడు రోజుల్లో నిందితులు ముగ్గురూ పోలీసుల కాల్పుల్లో చనిపోయారు. మళ్ళీ అదే ప్రకటన, మాటలు కూడా పెద్దగా మారలేదు. యీసారి విద్యార్థులు బొకేలు తీసుకుని ఎస్పీ గారి ఆఫీసుకి వెళ్ళారు. ఆ అమ్మాయిల బాధ చూసి వాళ్ళ గుండె మండింది, అది నేను అర్థం చేసుకోగలను. కాని మొదటి పేజీలో ఆత్మరక్షణ కథ అబద్ధమని మనమే కదా వూరేగింపులు తీశాం! చచ్చినవాడు మనవాడైతే బూటకం, పరాయివాడైతే న్యాయం అనేది సిద్ధాంతం కాదు.

యిదంతా చదివి, యీయన పోలీసులంటే పడనివాడని అనుకోవద్దు. మా క్లాసులో డిగ్రీ చదివిన పిల్లలే కానిస్టేబుల్ సెలక్షన్లకు పరుగులు తీస్తారు. సెలెక్టయి వచ్చి కాళ్ళకు దణ్ణం పెట్టినవాళ్ళున్నారు. వాళ్ళ బతుకు నాకు తెలుసు. బందోబస్తుకి వెళితే తిండి వేళ వుండదు, నిద్ర వేళ వుండదు. కానిస్టేబుల్‌కి వారానికొక సెలవు అనే మాట ఆంధ్రప్రదేశ్‌లో 2019 జూన్‌లో గాని ప్రకటించలేదు. మంత్రిగారి మాట వినని ఎస్సై యెన్నాళ్ళు ఒకచోట వుంటాడో అందరికీ తెలుసు. విధి నిర్వహణలో ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళు వేరే లెక్క. 1993లో వ్యాస్‌నీ, 1999లో ఉమేశ్‌చంద్రనీ హైదరాబాదులో చంపారు. అదీ హత్యే, దాన్ని వేరే పేరుతో పిలవడానికి నేను సిద్ధంగా లేను.

అయితే మందు యేమిటి? కొత్తగా కనిపెట్టనక్కర్లేదు, కాగితం మీద అంతా వుంది. అరెస్టు చేసేవాడికి పేరు బిళ్ళ వుండాలి, అరెస్టు కాగితం మీద సాక్షి సంతకం వుండాలి, యింట్లోవాళ్ళకు కబురు చేయాలి, 48 గంటలకొకసారి డాక్టరుకి చూపించాలి అంటూ డి.కె. బసు కేసులో 1996లో సుప్రీంకోర్టు 11 నియమాలు చెప్పింది. 2006లో ప్రకాశ్ సింగ్ కేసులో, నేరపరిశోధన చేసేవాళ్ళను బందోబస్తు పనినుంచి వేరుచేయమంది, పోలీసుల మీద ఫిర్యాదు వినడానికి రాష్ట్రంలోనూ జిల్లాలోనూ వేరే సంస్థలు పెట్టమంది. ఆ కేసు వేసినవాడు యెవరో హక్కుల సంఘంవాడు కాడు, డి.జి.పి.గా చేసి రిటైరైన పోలీసు అధికారి. ఎన్‌కౌంటర్ జరిగితే చంపినవారి మీద కేసు నమోదు చేయాలనీ, ఆత్మరక్షణ అన్నది విచారణలో రుజువు చేసుకోవాలనీ 2009 ఫిబ్రవరిలో మన హైకోర్టు అయిదుగురు న్యాయమూర్తులు తీర్పు చెప్పారు. సుప్రీంకోర్టు దాన్ని నిలిపివేసింది. తరవాత 2014లో తానే 16 నియమాలు పెట్టింది. కాల్పుల్లో పాల్గొన్న స్టేషన్‌వాళ్ళు కాకుండా వేరేవాళ్ళు దర్యాప్తు చేయాలనీ, నిజం తేలేదాకా పతకాలూ ప్రమోషన్లూ వద్దనీ అందులో వుంది. చటాన్‌పల్లి నాటికి ఆ నియమాలకు అయిదేళ్ళు నిండాయి. 2020లో స్టేషన్లన్నిటా కెమెరాలు పెట్టమన్నారు. సంతోషమే. చెడిపోయిన కెమెరా యే రోజు చెడిపోయిందో చెప్పే కెమెరా యింకొకటి కావాలి.

నా దృష్టిలో నమ్మకానికి కొలత చాలా చిన్నది. సాయంకాలం యేడు గంటలకు ఒక ఆడపిల్ల, వెంట తండ్రి లేకుండా, పెద్దమనిషి సిఫార్సు లేకుండా, స్టేషన్‌లోకి వెళ్ళి ఫిర్యాదు రాసిచ్చి రసీదు తీసుకుని రాగలదా? మా క్లాసులో యీ ప్రశ్న అడిగాను. చేతులెత్తినవారు నలుగురు. వారిలో ఒక అమ్మాయి నాన్న హెడ్ కానిస్టేబుల్.

విద్యార్థి సంఘం యేడాదికొకసారి యెన్నికలు, కల్చరల్స్, యీ సావనీరుతో సరిపెట్టుకోకుండా ఒక పని చేయవచ్చు. నలుగురు నలుగురుగా మన వూరి స్టేషన్లకు వెళ్ళండి. 11 నియమాలూ బోర్డు మీద రాసి తగిలించారో లేదో చూడండి, ఫిర్యాదుకి రసీదు యిస్తున్నారో లేదో కనుక్కోండి, మర్యాదగా మాట్లాడిన ఎస్సై పేరూ రాసుకోండి. వచ్చే యేడాది సావనీరులో అది అచ్చు వేయండి. వెళ్ళేముందు కొత్త నాగరిక సురక్షా సంహితలో ఒక సెక్షన్ చదువుకుని పొండి. నేరం యెక్కడ జరిగినా సరే, ఫిర్యాదు తెచ్చినచోట కేసు రాయాలనీ, ఎఫ్.ఐ.ఆర్. నకలు వెంటనే, వుచితంగా యివ్వాలనీ అందులో వుంది. దాని నంబరు 173.