దుబాసీ లేక మూగబోయిన కెమెరాలు

పాత వెబ్‌క్యామ్‌లు మూలన పడటానికి ప్రతిసారీ కటకం మసకబారడమో, సెన్సర్ పాడవడమో కారణం కాదు. చాలాసార్లు మారింది కెమెరా కాదు, కంప్యూటర్. కొత్త కంప్యూటర్‌కు పాత కెమెరా భాష తెలియదు. పరికరం చెప్పేది కంప్యూటర్‌కు అర్థమయ్యేలా చేసే సాఫ్ట్‌వేర్‌ను 'డ్రైవర్' అంటారు. అది రెండింటి మధ్య దుబాసీ. దుబాసీ లేకపోతే ఎంత మంచి కెమెరా అయినా మూగదే. ఈ సమస్య ఎక్కడ పుట్టిందో, ఎలా తీరిందో 'క్విక్‌క్యామ్' కెమెరాల చరిత్ర చెబుతుంది.

అమెరికాకు చెందిన కనెక్టిక్స్ సంస్థ 1994లో మాకింటోష్ కంప్యూటర్ల కోసం మొదటి క్విక్‌క్యామ్‌ను విడుదల చేసింది. చూడటానికి చిన్న బంతిలా ఉండేది. ధర సుమారు 100 డాలర్లు. 320 × 240 పిక్సెళ్ల చిత్రం, రంగులు లేవు, 16 బూడిద ఛాయలు మాత్రమే. అప్పట్లో కంప్యూటర్‌లోకి వీడియో తేవాలంటే ఖరీదైన కార్డు ఒకటి విడిగా బిగించుకోవాల్సి వచ్చేది. క్విక్‌క్యామ్‌కు ఆ కార్డు అక్కర్లేదు. చిత్రాన్ని సిద్ధం చేసే పనిలో అధికభాగాన్ని కంప్యూటర్‌లోని సాఫ్ట్‌వేర్‌కే వదిలేసింది. అందుకే చౌకగా వచ్చింది, సామాన్యుల బల్ల మీదకు చేరింది. అయితే ఆ సాఫ్ట్‌వేర్ లేకుండా కెమెరాకు మనుగడ లేదన్న బలహీనత కూడా అక్కడే మొదలైంది. 1998లో క్విక్‌క్యామ్ వ్యాపారం లాజిటెక్ చేతికి వెళ్లింది.

తరువాతి కెమెరాలు యూఎస్‌బీ తీగ మీదకు వచ్చాయి. ఇక్కడ చిన్న లెక్క వేయాలి. 640 × 480 పిక్సెళ్ల రంగుల చిత్రాలను, పిక్సెల్‌కు 24 బిట్ల చొప్పున సెకనుకు 30 పంపాలంటే సుమారు 22 కోట్ల బిట్లు అవుతాయి. నాటి యూఎస్‌బీ 1.1 మోయగలిగింది సెకనుకు 1.2 కోట్ల బిట్లు మాత్రమే. కాబట్టి చిత్రాన్ని కుదించి పంపక తప్పలేదు. కుదించే పద్ధతి ఒక్కో తయారీదారుది ఒక్కో తీరు. దాన్ని విప్పే సూత్రాన్ని వ్యాపార రహస్యంగా దాచుకోవడమే సమస్యకు మూలం.

లినక్స్ వాడేవారికి ఇది 2004లో బాగా తెలిసొచ్చింది. క్విక్‌క్యామ్ ప్రో 3000, 4000 వంటి కెమెరాలకు అక్కడ ఒక స్వచ్ఛంద ప్రోగ్రామర్ రాసిన డ్రైవరే ఆధారం. పెద్ద సైజు చిత్రాన్ని విప్పే భాగం మాత్రం గోప్యత ఒప్పందం వల్ల మూసిన పెట్టెలాగే ఉండేది. మూసి ఉన్న భాగానికి దారి ఇవ్వబోమని లినక్స్ నిర్వాహకులు తేల్చడంతో ఆ ప్రోగ్రామర్ తప్పుకున్నారు. తరువాత ఇతరులు ఆ సూత్రాన్ని శ్రమపడి ఛేదించాల్సి వచ్చింది. ఆ కెమెరాలు నాసిరకం కావు. వాటిలోని సీసీడీ సెన్సర్లను నమ్ముకుని ఔత్సాహిక ఖగోళ పరిశీలకులు కటకం తీసేసి టెలిస్కోపుకు బిగించేవారు. గురు, శని గ్రహాల వీడియోలు తీసి, వాటిలో స్పష్టమైన ఫ్రేములను ఏరి, ఒకదానిపై ఒకటి పేర్చి చక్కని చిత్రాలు సాధించేవారు.

పరిష్కారం ఉమ్మడి ప్రమాణం రూపంలో వచ్చింది. 2003లో యూఎస్‌బీ ప్రమాణాల వేదిక 'యూఎస్‌బీ వీడియో క్లాస్' (యూవీసీ) నిబంధనలను వెలువరించింది. వీటిని పాటించే కెమెరా తన సామర్థ్యాన్ని అందరికీ తెలిసిన ఒకే భాషలో చెబుతుంది. దాంతో ప్రతి మోడల్‌కూ ప్రత్యేక డ్రైవర్ అవసరం తప్పింది. 2006 ప్రాంతంలో వచ్చిన క్విక్‌క్యామ్ ప్రో 5000 ఈ దారి పట్టిన తొలి కెమెరాల్లో ఒకటి. అలాంటి కెమెరాను నేటి కంప్యూటర్‌కు తగిలించినా సాధారణంగా బొమ్మ కనిపిస్తుంది.

అందరూ ఒకే భాష మాట్లాడితే కొత్తదనం చచ్చిపోతుందన్న వాదన ఉంది. వెబ్‌క్యామ్‌ల అనుభవం దాన్ని బలపరచడం లేదు. ప్రత్యేక సదుపాయాలు చేర్చుకునే వీలును యూవీసీ ముందే కల్పించింది. ఆ అదనపు హంగు రేపు పనిచేయకపోయినా కెమెరా కెమెరాగా మిగులుతుంది. వినియోగదారుడికి దక్కాల్సిన కనీస హామీ ఇదే.

మన దేశానికి ఇందులో పాఠం ఉంది. 2023 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన ఈ-వ్యర్థాల నిబంధనలు పాత పరికరాల రీసైక్లింగ్ బాధ్యతను తయారీదారులపై పెట్టాయి. అది మంచిదే, కానీ రీసైక్లింగ్ ఆఖరి మెట్టు. పనిచేసే వస్తువును పనిచేయనివ్వడం మొదటి మెట్టు. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో 'మరమ్మతు హక్కు' పోర్టల్‌ను ప్రారంభించింది. మరమ్మతు అనగానే మరలు, విడిభాగాలే గుర్తొస్తాయి. డ్రైవర్ కూడా విడిభాగమే అని గుర్తించాలి. ఛార్జింగ్ కోసం టైప్-సికి భారతీయ ప్రమాణం ప్రకటించుకున్నాం. తీగ చివరన ఉండే ఆకారానికి ఇచ్చిన ప్రాముఖ్యం, ఆ తీగలో నడిచే భాషకూ ఇవ్వాలి.

దీనికి పెద్ద చట్టం కోసం ఎదురుచూడనక్కర్లేదు. బడులకు, ఆసుపత్రులకు, కార్యాలయాలకు ప్రజాధనంతో పరికరాలు కొనేటప్పుడు టెండరులో రెండు షరతులు చేర్చితే చాలు: పరికరం బహిరంగ ప్రమాణాన్ని పాటించాలి, పాటించకపోతే, కంపెనీ మద్దతు ఆపేసే రోజున డ్రైవర్ వివరాలను బయటపెట్టాలి. వెబ్‌క్యామ్‌ల విషయంలో ఇరవై ఏళ్ల క్రితమే కుదిరిన ఈ పద్ధతిని ప్రింటర్లకు, స్కానర్లకు, ప్రయోగశాల పరికరాలకు కూడా వర్తింపజేయాలి.